మూడు చుట్ల నీళ్ళు

కందుకూరులో, పామూరు రోడ్డు పాతసామాన్ల కొట్లో
కిలో పన్నెండు రూపాయల లెక్కన తూచి ఇచ్చాడు
అట్ట ఊడిన పుస్తకం.
నిండా మట్టి చిప్పలే, తెలుపు మీద నల్ల గీతలు.
కొలంబస్ తాతకి తాత కూడా పుట్టని రోజుల్లో
అమెరికా ఎడారి పక్కన మింబ్రెస్ అనే చిన్న ఏటి ఒడ్డున
ఆకు ఈనె నమిలి కుంచె చేసుకుని
ఎవరో గీసినవి.

ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో డ్రాయింగు చెప్పినవాణ్ణి.
ఆ కుందేలు చెవుల దగ్గర నా చెయ్యి ఓడిపోయింది.

మన్నేటి దిగువన పెంచలమ్మ ఆవం దగ్గరికి పట్టుకుపోయా.
హైవే హోటలుకి బిర్యానీ ముంతలు
సారె మీంచి దారంతో కోస్తా ఉంది.
చెయ్యి కడుక్కోకుండానే పేజీ తిప్పింది,
తాబేలు డిప్ప మీద ఆమె బొటనవేలు అచ్చుపడింది.

"ఇది కొంగ గదా! గొంతులో చేప కనపడతా ఉండాదే.
మింగినాక కూడా దాయలేదు సామీ, బాగుంది."

"చందమామలో కుందేలు వాళ్ళకీ కనపడిందా?"
తనే మళ్ళీ, "చందమామ ఒకటే గదా, కనపడకేం."

గబ్బిలం దగ్గర ఆగింది.
పొట్ట మధ్యలో చిల్లి.
వెనక్కి తిప్పింది: చేపకీ చిల్లి. కుందేలు పక్కనా చిల్లి.
పగిలిపోయినాయి, వెయ్యేళ్ళు గదా, అన్నాను.
"పగల్లా. పొడిచారు."

రెండు రాత్రులు నిఘంటువు పక్కన పెట్టుకుని
నేను కూడబలుక్కున్న సంగతి
ఆమె చూపుడువేలు ఒక్క పూటలో చదివేసింది.
అవును, పోయినవాళ్ళ మొహం మీద బోర్లించేవాళ్ళంట,
ఇంట్లోనే, నేల కింద.

"మా ఆయన కుండ నేనే చేశా," అంది.
"చిల్లులు మాత్రం మా మరిది పెట్టాడు."

కాసేపు సారె ఒట్టిగా తిరిగింది.
"గీసినామె పేరు వేశారా ఇందులో?"
ఆడమనిషని నీకెట్టా తెలుసు?
"వేశారా లేదా?"
లేదు.
"ఆఁ," అని మట్టి ముద్ద ఎత్తి సారె మధ్యలో కొట్టింది.

*

ఆ వారంలోనే ఓబులేసు పోయాడు, వల ఒళ్ళో పెట్టుకుని,
కన్ను తెగినచోట ముడి వేస్తూ వేస్తూ.
తమ్ముడొచ్చాడు కుండ కోసం.
కుండకి చేపలు, చేపలకి కుండ,
ఇరవై ఏళ్ళ లెక్క వాళ్ళిద్దరిదీ, కాగితం లేదు.
"నాలుగు జెల్లలకి నేనే బాకీ," అంది పెంచలమ్మ.

కాలిన కుండ ఒకటి ఎంచుకుంది, గోటితో మీటి, చెవి పెట్టి.
ఈతాకు ఈనె పంటి కింద నలిపి
సున్నంలో ముంచి
మూతిలోంచి మోచేతి దాకా చెయ్యి దించింది.
కళ్ళు మాత్రం ఏటి వైపు.
ఏం గీస్తున్నావని అడగలేదు నేను.
నాలుగుసార్లు ఆమె భుజం కదిలింది,
నాలుగోసారి కొంచెం ఎక్కువసేపు.
కుండలోకి తొంగి చూడబోతే
అరచేత్తో మూతి మూసేసింది.

నీళ్ళు పోశారు.
పెద్దకొడుకు ఎడమ భుజానికెత్తుకుని నడిచాడు.
మొదటి చుట్టు, ఒక చిల్లి.
సన్నటి ధార వాడి వీపు మీదుగా.
రెండో చుట్టు.
నాకు తెలిసినవాళ్ళెవరూ చూడని చేపలు
ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి.
మూడో చుట్టు నెమ్మదిగా నడవరా అబ్బయా
అని అరవాలనిపించింది.
నేనెవర్ని అరవడానికి.

వెనక్కి చూడకుండా వదిలేశాడు.
అందరూ వెనక్కి చూడకుండా వచ్చేశారు.

నేను చూశా.
పెంకుల మీద సున్నం తడికి వెలిసి
ఒక తోక, సగం మీసం.
మీసం వంపు తప్పు లేదు.

పొద్దున బడికి పొయ్యే పిల్లల్లాగా
హోటలు వాళ్ళ ఆటో వరసగా ముంతలు ఎక్కించుకుంటా ఉంది.
పెంచలమ్మ లెక్క పెడతా ఉంది, పైకి,
నలభై దాకా వచ్చి
మర్చిపోయి
మళ్ళీ ఒకటి నుంచి.